సుగ్గికి పోయినోళ్ల పేర్ల మీద కరువు పని బిల్లులు: సామాజిక తనిఖీలో ఎట్ల నిలబెట్టాల?

ఆదోని_పత్తిచేను
అందరికీ నమస్తే. మాది కర్నూలు జిల్లా పడమటి పక్క పల్లె, ఊరి పేరు మండలం పేరు ఈడ రాయను, ఏమనుకోవద్దండి. సంక్రాంతి అయినాక మా ఊర్లో సగం ఇండ్లకి తాళాలే, మిరప కోతకి గుంటూరు పక్కకి సుగ్గికి, అంటే కూలికి వలస పోతారు, ముసలోళ్లు, బడికి పోయే పిల్లోళ్లు మాత్రమే మిగులుతారు. మొన్న ఉపాధి హామీ (మేము కరువు పని అంటాం) వెబ్‌సైట్లో మా వీధోళ్ల జాబ్ కార్డు నంబర్లు కొట్టి చూసినాను, సుగ్గిలో ఉన్న అవే వారాల్లో మస్టర్లో, అంటే కూలీల హాజరు పట్టీలో, వాళ్ల పేర్లు ఉండాయి, డబ్బులు పడినట్టు కూడా చూపిస్తాంది. పని పేరు చెరువుకి నీళ్లొచ్చే కాలవ పూడికతీత. ఆ కాలవ కాడికి పోయి చూసినా, కంపచెట్లు అట్లే ఉండాయి, పార పడిన గుర్తు యాడా లేదు. తొందర్లో సామాజిక తనిఖీ టీమ్ వస్తాదంటాండారు, ఇంటింటికీ తిరిగి లెక్కలు సరిచూసి జనం ముందర చదివేవాళ్లు. వాళ్ల ముందర ఏం పెట్టాల, ఏ కాగితాలు అడగాల, తెలిసినోళ్లు చెప్పండి. వెనకటిసారి తనిఖీలో మా ఊరి గ్రామసభ యాడ జరిగిందో ఎప్పుడు జరిగిందో కూడా నాకు తెలీలేదు, ఈసారి అట్ల కాకూడదు అనే ఇంత పొడుగ్గా రాస్తాండా.

పెన్నా_ఒడ్డు
కడప నుంచి. వెబ్‌సైట్లో చూసినవన్నీ ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో తమ్ముడూ, మస్టర్ నంబరు, పని కోడు, తేదీలు కనపడేటట్టు. మిగతాది తర్వాత.

మాజీ_తనిఖీదారు
అనంతపురం జిల్లా. నేను కొన్నేండ్లు విలేజ్ సోషల్ ఆడిటర్‌గా తిరిగినాను కాబట్టి లోపల ఎట్ల జరుగుతాదో చెప్తా.

మొదట ఒక మాట, ఈ పథకం దేశంలో మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. లెక్కలు జనం ముందర చదవడం సర్కారు తరఫున ముందర పట్టుకుంది కూడా మన రాష్ట్రమే. అదే 2006లో అనంతపురం పల్లెల్లో పాదయాత్రలు చేసి తనిఖీ చేసినారు, 2009లో దానికని వేరే సొసైటీ పెట్టినారు, పని చేయించే శాఖ చేతిలో తనిఖీ ఉండకూడదని. 2011లో కేంద్రం రూల్స్ ఇచ్చింది, ఆరు నెలలకి ఒకసారి ప్రతి పంచాయతీలో తనిఖీ చేయాలని, గ్రామసభకి 15 రోజుల ముందే రికార్డులన్నీ టీముకి అప్పజెప్పాలని, తనిఖీ చేసేవాళ్లు అదే పంచాయతీ వాళ్లు కాకూడదని. కాబట్టి మీ ఊరికి వచ్చే పిల్లోళ్లు పక్క ఊర్లోళ్లు, వాళ్లకి మీ ఊర్లో ఎవరు సుగ్గికి పోయినారో తెలీదు. ఇదే అసలు సంగతి. వాళ్లు మస్టర్ పట్టుకుని ఇంటింటికీ వస్తారు, "మీరు ఫలానా వారం పనికి పోయినారా" అని అడుగుతారు, ఆ ఇంట్లో ఉన్న ముసలామె భయపడి "పోయినాం నాయనా" అంటే అయిపోయింది, ఆ మస్టర్ నిజమైపోతాది. నువ్వు చేయాల్సిన పని టీమ్ వచ్చినంక కాదు, టీమ్ రాకముందే ఆ ఇండ్లకి పోయి మాట్లాడి పెట్టుకోవడం.

టీమ్ ఊర్లోకి వచ్చిన మొదటి రోజే కలువు. వాళ్లు ఎక్కువగా బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో దిగుతారు. భోజనం ఎవరింట్లో తింటాండారో కూడా చూడు. మేము చేసేటప్పుడు ఫీల్డ్ అసిస్టెంట్ (ఊర్లో ఉపాధి పనులు చూసేటాయన) ఇంట్లో గాని సర్పంచ్ ఇంట్లో గాని తినకూడదని గట్టిగా చెప్పేవాళ్లు, ఆ కట్టుబాటు ఉన్నన్ని దినాలు తనిఖీకి విలువ ఉండేది, జనం నమ్మేవాళ్లు.

గుత్తి_కోట
నేను ఆడిట్ శాఖలో పని చేసి రిటైర్ అయినాను. పంచాయతీల లెక్కలు చూసేది మా శాఖే, పాత పేరు లోకల్ ఫండ్ ఆడిట్. పై వారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మేము చూసేది ఓచరు. ఓచరు మీద సంతకం ఉందా, తీర్మానం ఉందా, క్యాష్ బుక్కులో ఎక్కిందా, ఎం బుక్కులో కొలతకి బిల్లుకి సరిపోయిందా. అన్నీ సరిగా రాసి ఉంటే మాకు అభ్యంతరం రాయడానికి ఏమీ ఉండదు. దొంగ మస్టర్ రాసేవాడు కాగితం తప్పులు చేయడు, నిజంగా పని చేయించినవాడి రికార్డులోనే కొట్టివేతలు, దిద్దుబాట్లు ఎక్కువ ఉంటాయి, ఇది నా సర్వీసంతా చూసిన విషయం. కాగితంలో దొరకని దొంగతనం మనిషి ముందర పేరు చదివితేనే దొరుకుతుంది.

ఆదోని_పత్తిచేను
సార్ ఎం బుక్కు అంటే మెజర్‌మెంట్ బుక్కే కదా, అది మాలాంటోళ్లకి చూపిస్తారా?

గుత్తి_కోట
అవును, కొలతల పుస్తకం. టెక్నికల్ అసిస్టెంట్ కొలిచి రాస్తాడు. ఉపాధి పనిలో కూలి కొలత మీదనే పడుతుంది కదా, కాబట్టి మనుషులు దొంగ అయితే ఆ కొలత కూడా దొంగే అయి తీరాలి, ఇంత మంది ఇన్ని రోజులు చేసినారంటే ఇన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీసినట్టు ఎవరో ఒకరు రాసి సంతకం పెట్టి ఉంటారు. మీరు మస్టర్ ఒక్కదాన్నే పట్టుకోకండి, రెండూ పక్కపక్కన పెట్టండి. చూపించాలా అంటే, సమాచార హక్కు చట్టంలో 2(జె) కింద పనిని, రికార్డుని స్వయంగా చూసే హక్కు, నోట్సు రాసుకునే హక్కు, వాడిన సామాను శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఉంది.

సీమ_సివిల్
నేను సివిల్ చదివినా, కాంట్రాక్టు పనులే చేస్తాండా. కాలవ పూడికతీత, చెరువు పూడికతీత ఎందుకు ఎంచుకుంటారో తెలుసా, ఒక్క వాన పడితే చాలు "మేము తీసినాం, వాన నీళ్లకి మళ్లీ పూడింది" అంటారు, మీరు ఏమీ చేయలేరు. అందుకే కంపచెట్ల ఫొటోలు ఇప్పుడే తీయండి, బాగా దగ్గర నుంచి మొదలు లావు కనపడేటట్టు. పూడిక ఒక్క వానకి వస్తాది గానీ తొడ లావు కంపచెట్టు ఆరు నెలల్లో రాదు. ఇంకోటి, 2017 నవంబర్ నుంచి ప్రతి పనికి మొదలుపెట్టకముందు, జరిగేటప్పుడు, అయిపోయినంక మూడుసార్లు జియోట్యాగ్ ఫొటోలు (తీసిన చోటు గుర్తు పడేవి) పెట్టాలని ఉంది, భువన్ పోర్టల్లో కనపడతాయి. ఆ మూడు ఫొటోల్లో చెట్లు ఒకటే తీరుగా ఉంటే అంతకన్నా రుజువు ఏం కావాల.

మేటమ్మ
నేను అనంతపురం జిల్లాలో శ్రమశక్తి సంఘానికి, అంటే ఉపాధి కూలీల గుంపుకి, మేట్‌గా చేస్తాండా, హాజరు చూసేది నేనే. దొంగ మస్టర్ అంటే యాడైనా మేట్‌నే దొంగ అంటారు కాబట్టి నేను కూడా చెప్పాల్సింది ఉంది. పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి కూలీల ఫొటో హాజరు యాప్‌లో పెట్టాల, 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసినారు. మా గుట్ట కింద సిగ్నల్ రాదు, మిట్ట ఎక్కి ఫోన్ పట్టుకుని నిలబడాల, ఒకోసారి ఫొటో పోలేదంటే నలభై మంది ఆడోళ్ల రోజు కూలి పోయినట్టే, వాళ్లు నన్నే తిడతారు, నేను ఎవరికి చెప్పుకోవాల. నిజంగా పని చేసినోళ్లకి ఈ కష్టం. దొంగ చేసేవాడు పాత ఫొటోని ఇంకో ఫోన్లో నుంచి ఫొటో తీసి పెడతాడు, అయిపోతాది. ఇది నేను ఊరికే చెప్పడంలా, 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే అన్ని రాష్ట్రాలకి ఉత్తరం రాసింది, సంబంధం లేని ఫొటోలు, ఫొటోకి ఫొటో తీసి పెడతాండారు అని.

ఎండలో గడ్డ పట్టే ఆడోళ్ల మీద నమ్మకం లేక యాప్ పెట్టినారు, పోనీ యాప్ పెట్టినోళ్లు ఆ ఫొటోలు చూస్తాండారా అంటే అదీ లేదు. చూసేవాళ్లు లేని నిఘా పేదోళ్లకే బరువు.

మాజీ_తనిఖీదారు
అక్కా నీ మాటకి దండం. ఫొటోలు రోజూ ఎక్కుతాయి గానీ మస్టర్‌తో పోల్చి చూసేవాడు ఉండాల కదా.

పెన్నా_ఒడ్డు
ఇవన్నీ వింటాంటే బాగుంది గానీ నా అనుభవం వేరే. మా పక్క కూడా ప్రజావేదిక, అంటే తనిఖీలో తేలినవి చదివే సభ, జరిగింది, మండలం ఆఫీసు కాడ షామియానా వేసినారు, పెద్ద సార్లు వచ్చినారు, పేర్లు చదివినారు, ఇంత రికవరీ అని మైకులో చెప్పినారు. తర్వాత ఆ రికవరీ ఎంత వచ్చింది అని అడిగినోడు లేడు. సస్పెండ్ అయినాయన వేరే ఊర్లో మళ్లీ కనపడినాడు. చట్టంలో శిక్ష ఎంత అనుకుంటున్నారు, పాత ఉపాధి హామీ చట్టం 25వ సెక్షన్ చదవండి, తప్పు రుజువైతే జరిమానా వెయ్యి రూపాయల దాకా. అంతే. దానికి మించి కావాలంటే క్రిమినల్ కేసు పెట్టాల, ఆ కేసు ఎవరు పెడతారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2012లో సామాజిక తనిఖీ కోసమే ప్రత్యేకంగా చట్టం తెచ్చినారు, ఆ చట్టం కింద శిక్ష పడిన మనిషిని నేనైతే మా పక్క చూడలేదు. నేను తనిఖీ వద్దు అనను. తనిఖీ తర్వాత ఏంది అనేది ఎవరూ రాయడం లేదు అంటాండా.

పంచాయతీ_పిల్లోడు
మా నాయన సర్పంచ్. ఈ చర్చ మొదటి నుంచి చదువుతాండా. అందరూ కింద ఉన్న ఫీల్డ్ అసిస్టెంట్‌నే, సర్పంచ్‌నే చూస్తాండారు. పైన ఏం జరిగినా తనిఖీ ఉండదా? 2021లో పంచాయతీ ఖాతాల్లో ఉన్న ఫైనాన్స్ కమిషన్ డబ్బులు కరెంటు బకాయిలకి అని మళ్లించినారని రాష్ట్రమంతా సర్పంచులు ధర్నాలు చేసినారు గుర్తుందా, పార్టీలు చూడకుండా చేసినారు. 15వ ఆర్థిక సంఘం డబ్బుల్లో 60 శాతం తాగునీళ్లకి, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టుబాటు, మిగతా 40 శాతం మాత్రమే పంచాయతీ ఇష్టం. బోరు మోటార్ కాలిపోతే మా నాయన జేబులో నుంచి పెట్టి బాగు చేయించినాడు, బిల్లు వచ్చేదాకా ఇంట్లో బంగారం బ్యాంకులో ఉండె. ఆ బిల్లు లేటు గురించి ఏ ప్రజావేదికలో చదువుతారు? లెక్క అడిగితే పైనోళ్లని కూడా అడగాల.

గుత్తి_కోట
బాబూ నీ బాధ న్యాయమే. పైన చూసేది కాగ్, అంటే సర్కారు ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ. రాజ్యాంగం 151 అధికరణ ప్రకారం రాష్ట్ర ఖాతాల మీద కాగ్ రిపోర్టు గవర్నర్‌కి పోయి శాసనసభ ముందర పెడతారు, అక్కడ పబ్లిక్ అకౌంట్స్ కమిటీ చూస్తుంది. కానీ ఆలస్యం చూడండి. దేశమంతా ఉపాధి హామీ మీద కాగ్ పెద్ద రిపోర్టు ఒకటి 2013లో వచ్చింది, అది చూసింది 2007 నుంచి 2012 దాకా జరిగిన ఖర్చు. 2007లో గుంత తవ్వినవాడు 2013కి ఊర్లో ఉంటాడో లేదో. కాగ్ తప్పు పట్టడం కాదు, వాళ్ల పని వ్యవస్థ ఎక్కడ వదులుగా ఉందో చెప్పడం, మీ ఊరి కాలవకి కాపలా కాయడం కాదు.

మీ పంచాయతీ డబ్బులు మాత్రం ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో ఓచర్‌తో సహా కనపడతాయి, ఎవరైనా చూడొచ్చు. మీ నాయన గారే ఆ జాబితా ప్రింటు తీసి గ్రామసభలో చదివితే, ఎంత వచ్చింది ఎంత ఆగింది జనానికి తెలుస్తుంది, అప్పుడు బిల్లు ఎందుకు ఆగిందని అడిగేది ఆయన ఒక్కడే కాదు, ఊరంతా అడుగుతుంది.

పంచాయతీ_పిల్లోడు
చదివిస్తా సార్. నాయనకి చెప్పినా, సరే అన్నాడు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు కదా, ఆ రోజు మా ఊర్లో జనం బాగా వచ్చినారు, పనుల జాబితా రాసుకున్నారు. కానీ ఆ రోజు ఏ పనులు కావాలి అనేదే మాట్లాడినారు, వెనక ఖర్చు పెట్టిన దాని లెక్క ఎవరూ అడగలే. ఈసారి అదే ముందర పెట్టిస్తా.

హంద్రీ_నీళ్లు
కర్నూలు టౌన్. అర్జీలు పెట్టడం నాకు అలవాటు కాబట్టి పత్తిచేను తమ్ముడికి దారి చెప్తా. సమాచార హక్కు దరఖాస్తు పంచాయతీ స్థాయిలో పెడితే మన రాష్ట్రంలో ఫీజే లేదు, మండలం స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, తెల్ల కార్డు ఉంటే ఏదీ లేదు. నీ కాగితాలు మండలంలో ఉంటాయి కాబట్టి ఎంపీడీవో ఆఫీసులోని పౌర సమాచార అధికారి పేరుతో పెట్టు. 30 రోజుల్లో ఇవ్వాల. గడువు దాటితే కాపీలు ఉచితంగా ఇవ్వాలని 7(6)లో ఉంది. ఇవ్వకపోతే 30 రోజుల్లోపల మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి, అదీ కాకపోతే 90 రోజుల్లోపల సమాచార కమిషన్‌కి. దరఖాస్తులో "ఎందుకు జరిగింది, ఎవరు బాధ్యులు" అని రాయొద్దు, అట్ల రాస్తే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. ఫలానా పని కోడు, ఫలానా మస్టర్ నంబర్ల నకళ్లు, ఆ పని ఎం బుక్కు పేజీలు, ఎస్టిమేటు, మూడు దశల ఫొటోలు, అంతే అడుగు. కారణం చెప్పాల్సిన పని లేదు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాది, ఆడ అర్జీ ఇచ్చి నంబరు తీసుకో. కానీ ఆ అర్జీ మళ్లీ తిరిగి మీ మండలానికే విచారణకి వస్తాది, ఎవరి మీద చెప్పినావో వాళ్ల పైనాయనే విచారణ చేసి "పరిష్కరించబడింది" అని మూసేస్తాడు. అందుకే సమాచార హక్కు కాగితాలు చేతిలోకి వచ్చినాకే సోమవారం పోవడం మంచిది. అధికారుల అవినీతి మీద ఫిర్యాదులు తీసుకునే లోకాయుక్త ఆఫీసు 2021లో కర్నూలుకే వచ్చింది, పెద్ద మొత్తం అయితే, రుజువులు గట్టిగా ఉంటే ఆ దారి కూడా ఉంది.

ఆదోని_పత్తిచేను
చాలా థ్యాంక్స్ అన్నా, ఇది మొత్తం రాసుకున్నా. ఒక్కటి మాత్రం మనసులో పీకుతాంది. మా వీధోళ్లతో మాట్లాడినాను. డబ్బులు వాళ్ల ఖాతాల్లోనే పడినాయంట. సుగ్గి నుంచి వచ్చినాక ఒకాయన వేలిముద్ర మిషన్ తీసుకుని ఇంటికి వచ్చినాడంట, డబ్బులు తీసినాడు, వాళ్లకి కొంచెం చేతిలో పెట్టి మిగతాది తీసుకుపోయినాడంట. ఇప్పుడు మేము చెప్తే మా మీదికే వస్తాది, జాబ్ కార్డు తీసేస్తారు, డబ్బులు మా దగ్గరే వసూలు చేస్తారు అంటాండారు. నాకు ఏం జవాబు చెప్పాలో తెలీడంలా.

మాజీ_తనిఖీదారు
ఇదే ప్రతి ఊర్లో మేము తలకాయ కొట్టుకున్న చోటు. ఖాతాలోకి నేరుగా డబ్బులు పోతే దొంగతనం ఆగుతాది అనుకున్నారు, ఆధార్ కట్టినారు, 2024 జనవరి 1 నుంచి ఆధార్ పేమెంటే తప్పనిసరి చేసినారు. దొంగ ఏం చేసినాడు, పేదోడినే పొత్తు కలుపుకున్నాడు. చేతిలో కొంచెం పెట్టినాడు అంటే నోరు కట్టినాడు అని. వందల రూపాయలు తీసుకున్న ముసలామె దోషి అయింది, వేలు తీసుకున్నాయన ఊర్లో పెద్దమనిషి అయినాడు.

నేను చేసింది చెప్తా. ఒక్కరి దగ్గర వాంగ్మూలం ఎప్పుడూ తీసుకోలేదు. వీధిలో ఏడెనిమిది ఇండ్లోళ్లు ఒకేచోట కూర్చుంటేనే రాయించినాను, అందరి వేలిముద్రలు ఒకే కాగితం మీద, అప్పుడు ఎవరినీ విడిగా బెదిరించలేరు. దాంట్లో మొదటి వాక్యమే "మేము ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఊర్లో లేము, మా ఖాతా నుంచి మిషన్‌తో డబ్బు తీసుకుపోయినారు" అని. మా చేతిలో ఎంత పెట్టినారు అనేది కూడా దాచకుండా రాయించాల, దాచితే అవతలోళ్లు దాన్నే పట్టుకుని మిగతాది కూడా అబద్ధం అంటారు. బ్యాంకు స్టేట్‌మెంటు తీయించు, ఒకే రోజు ఒకే మిషన్ నుంచి వరసగా అన్ని ఖాతాల్లో డబ్బులు తీసినట్టు దాంట్లో కనపడితే, నోటితో చెప్పేదానికన్నా అది గట్టిది. సుగ్గిలో ఉన్న రుజువు కూడా ఉంటాది, గుంటూరులో మేస్త్రీ రాసిన కోత లెక్కల చిన్న పుస్తకం, రైలు టికెట్, పిల్లోళ్లని సీజనల్ హాస్టల్లో చేర్పించిన కాగితం.

మేటమ్మ
ఆడోళ్లతో ఆడోళ్లే మాట్లాడితే మేలు తమ్ముడూ. పొదుపు సంఘం మీటింగు దినం చూసుకుని మీ ఇంట్లో ఆడోళ్లని ఆడికి పంపు. ఇంటికాడ మగోడి ముందర చెప్పనిది ఆడ చెప్తారు.

సీమ_సివిల్
ఇంకో డౌటు, ఇప్పుడు ఉపాధి చట్టమే మారిపోయింది కదా, 2025 డిసెంబర్‌లో పార్లమెంటులో కొత్తది పాస్ చేసినారు, 125 రోజులు అంటాండారు, రాష్ట్రం 40 శాతం పెట్టాలంట. పాత మస్టర్లు అడిగితే "ఆ పథకం లేదు" అంటారేమో?

హంద్రీ_నీళ్లు
అననీ. రికార్డు అడిగే హక్కు సమాచార హక్కు చట్టం నుంచి వస్తాది, అది 2005 నాటిది, అట్లే ఉంది. ఉపాధి చట్టం మారినంత మాత్రాన మండలం బీరువాలో ఉన్న ఎం బుక్కు మాయం కాదు. సామాజిక తనిఖీ కొత్తదాంట్లోనూ ఉంది. రాష్ట్రం చేతి నుంచి 40 శాతం పోతాదంటే ఇంకా గట్టిగా చూడాల్సిన పని మనకే పడింది, అది కర్నూలు జిల్లా రైతు కట్టే పన్నుల్లో నుంచే పోతాది.

పెన్నా_ఒడ్డు
సరే, నేను అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలే. తనిఖీ తర్వాత ఏంది?

మాజీ_తనిఖీదారు
చెప్తా అన్నా, నీ ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. ప్రజావేదికలో ప్రతి ఊరికీ తీసుకున్న నిర్ణయాలు రాస్తారు, ఎవరి దగ్గర ఎంత రికవరీ, ఎవరి మీద ఏం చర్య అని, దాని మీద అధికారి సంతకం ఉంటాది. ఆ కాగితం నకలు ఊర్లోకి రావాల. అది రావడం లేదు కాబట్టే తర్వాత ఏమైందో తెలీడం లేదు. నేను చూసిన ఊర్లలో రికవరీ వచ్చిన చోటల్లా ఎవరో ఒకరు, ఎక్కువసార్లు పింఛను తీసుకునే ముసలాయనో పొదుపు సంఘం లీడరో, ఆ నకలు పట్టుకుని ప్రతి గ్రామసభలో "ఆ డబ్బు కట్టినాడా లేదా" అని అడిగినారు. అడగని చోట ఒక్క రూపాయి రాలేదు. తనిఖీ టీమ్ ఆరు నెలలకి వచ్చి పోతాది, ఆ మధ్యలో అడిగేది ఊరోళ్లే. పాత చట్టంలో శిక్ష వెయ్యి రూపాయలు అనేది నాకూ మంటే, శిక్ష గట్టిగా ఉండాలని ఎంపీలని అడగాల్సిందే, కానీ అంతవరకు ఊరికే ఉండలేం కదా.

పత్తిచేను తమ్ముడూ, మీ ఊర్లో వెనకటిసారి తనిఖీ నిర్ణయాలు కూడా ఉండి ఉంటాయి. ఈసారి గ్రామసభలో మొదటి మాట అదే అడుగు, పాత రికవరీ ఎంత వచ్చిందో చదివినాకే కొత్త మస్టర్లు చదవమను.

ఆదోని_పత్తిచేను
ఇది నాకు తట్టనే లేదన్నా. దరఖాస్తులో అది కూడా కలుపుతా, వెనకటి ప్రజావేదిక నిర్ణయాల నకలు, వాటి మీద తీసుకున్న చర్యల నకలు. రేపు సోమవారం ఎంపీడీవో ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుంటా. మా అమ్మ, మా పిన్నమ్మ బుధవారం సంఘం మీటింగులో మాట్లాడతామన్నారు. ఎనిమిది ఇండ్లలో ఐదు ఇండ్లోళ్లు వేలిముద్ర వేస్తామని ఇప్పటికే చెప్పినారు, మిగతా మూడు ఇండ్లోళ్లు ఇంకా గుంటూరులోనే ఉండారు, ఫోన్లో మాట్లాడతాండా.

హంద్రీ_నీళ్లు
రసీదు మీద తేదీ, స్టాంపు సరిగా పడిందో లేదో అక్కడే చూసుకో. 30 రోజులు లెక్కేసేది ఆ తేదీ నుంచే.